నాంచారయ్య గొంతుతో గట్టు నడక

4,211వ రోజు

ఈ ఉదయం మైకు మోగలేదు. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.

నాంచారయ్య నిన్న సాయంత్రం అన్నం తింటూ తింటూ పక్కకి ఒరిగాడు, మరి లేవలేదు. తెల్లవారిందని మా ఊరు తెలుసుకునేది ఆయన గొంతు విన్నాకే. "నాంచారయ్య చెప్తన్నా. ఒకటో రాయి కాడ పొడి. రెండో రాయి కాడ పొడి" అంటూ ఇరవయ్యో రాయి దాకా చెప్పేవాడు. సముద్రానికీ మాకూ మధ్య ఉన్నది ఈ మట్టిగట్టు ఒక్కటే. దాని మీద గుర్తుకి పాతిన ఇరవై రాళ్ళ వెంట ఆ చివర నుంచి ఈ చివరకి చెప్పుల్లేకుండా నడిచేవాడు. కాలికి తడి తగిలిన చోట ఆగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. చప్పగా ఉంటే వాన నీరు. ఉప్పగా ఉంటే సముద్రపు ఊట. ఉప్పగా ఉండి బురదగా కూడా వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, అప్పుడు ఊరంతా పరిగెత్తాలి. గట్టు కట్టినప్పుడు ఊట కనిపెట్టడానికి లోపల పాతిన కొలత పుల్లల్ని మూడో ఏడాదికే ఉప్పు తినేసింది. కొత్తవి పంపిస్తామన్నవాళ్ళు ఇంకా పంపిస్తూనే ఉన్నారు. అప్పట్నుంచీ మాకు నాంచారయ్య పాదాలే దిక్కు.

గట్టు కట్టిన నాటి నుంచి రోజుల లెక్కన ఈ గట్టు పుస్తకం రాసేది నేను. నా పేరు కరుణాకరం. ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పాను. ఇప్పుడు కొత్తదిబ్బ తుఫాను షెల్టరు మేడ మీద పిన్నికి కాపలా. పిన్ని అంటే మా యంత్రం. ఎవరు మొదలుపెట్టారో గానీ అందరికీ అది పిన్నే అయింది. నేను రాసే ప్రతి మాటా అది చదివి గుర్తుపెట్టుకుంటుంది. అడిగితే పోటు ఎప్పుడు వస్తుందో చెబుతుంది, దగ్గు విని మందు చెబుతుంది, అర్జీలు రాసిపెడుతుంది. దానికి కరెంటిచ్చే సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పును రోజూ గోనెపట్టాతో తుడవడం నా పని. వారానికి రెండు రోజులు పెద్దవాళ్ళకి యంత్రం పాఠం కూడా చెబుతాను. పిన్ని ఏం చేయగలదు, ఏం చేయలేదు అని.

మా గట్టు మీద ఒక ఆచారం ఉంది. నడిచే మనిషి పోతే పెద్దదినం దాకా ఆ పదకొండు రోజులూ ఎవరు నడిచినా, పోయినవాడి పేరునే రాస్తాం. మనిషి పోయిన మర్నాడే పేరు కూడా పుస్తకంలోంచి పోకూడదని. గట్టు కట్టేటప్పుడు చనిపోయిన వాళ్ళతో మొదలైన మర్యాద ఇది. రేపటి నుంచి నడవమని, నాంచారయ్యకి మేనల్లుడి వరసయ్యే సింగయ్యకి చెప్పాను.

"మోకాలు బాగోలేదు మాస్టారండీ. అయినా మావ కోసం నడుత్తాను" అన్నాడు.

4,212వ రోజు

నాంచారయ్య భార్య బుల్లెమ్మ మెట్లెక్కి వచ్చింది. వెనకే కూతురు శేషారత్నం. వాళ్ళ ఇల్లు సరిగ్గా పద్నాలుగో రాయి కింద. ఆ వరసలో ఎనిమిది ఇళ్ళున్నాయి. గట్టుకి అంత దగ్గరగా ఉండొద్దని ఎన్నిసార్లు చెప్పినా నాంచారయ్య వినలేదు. నేను నడిచే గట్టు నన్నేం చేస్తుంది అనేవాడు.

"ఇయ్యాల తెల్లారిందని నాకు తెలవలేదు మాస్టారూ" అంది బుల్లెమ్మ. "సింగయ్య నడిచాడంట, నీకు చెప్పి ఎల్లిపోయాడంట. మైకులో ఏమీ రాలా. పిన్ని ఎవరి గొంతైనా పలుకుద్దంట గదా. పెద్దదినం దాకా ఆయన గొంతు ఇనిపించమను. ఇంకేం అడగను."

ఇందులో కష్టమేముంది? పదకొండేళ్ళ నాంచారయ్య మాటలు పిన్ని దగ్గరున్నాయి. ఇకమీదట సింగయ్య నడిచి ఫోనులో నేరుగా తనకే చెబుతాడనీ, అది ఆయన గొంతుతో పలకమనీ పిన్నికి చెప్పాను. పిన్ని ఏదో వివరంగా అడిగింది. సమాచారం అందని రోజున పాత నడకలను బట్టి పూరిస్తాననీ, ఇంకేదో అనీ. బుల్లెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సరే కానివ్వమ్మా అన్నాను.

శేషారత్నం ఏడవలేదు. పిన్ని మాట్లాడే పెట్టె వైపే చూస్తూ నిలబడింది.

4,213వ రోజు

"నాంచారయ్య చెప్తన్నా."

బిందెలతో మంచినీళ్ళ వరసలో నిలబడ్డ వాళ్ళంతా అలాగే ఉండిపోయారు. ఒక ముసలమ్మ మైకు వైపు తిరిగి దండం పెట్టింది. ఆ దగ్గు, రాయికీ రాయికీ మధ్య గొంతు సవరించుకోవడం, ఎనిమిదో రాయి దగ్గర వచ్చే ఆయాసం, ఒక్కటీ తప్పలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్నిని చూసి గర్వపడ్డాను కూడా. రాసుకోవాలి కాబట్టి రాసుకుంటున్నాను.

సింగయ్య కుంటుకుంటూ వచ్చి, "నేను చెప్పిన మాటలే మాస్టారండీ, మావ చెప్తంటే నాకే ఒళ్ళు జలదరించింది" అన్నాడు.

4,216వ రోజు

యంత్రం పాఠం. తొమ్మిది మంది వచ్చారు. పిన్నికి కళ్ళు లేవని, మనం చెప్పిందే దానికి తెలుసని, తెలియని చోట ఊహించి చెబుతుందని ఎన్ని వారాలుగా చెబుతున్నా తలూపుతారు గానీ బుర్రకెక్కదు. ఈసారి కళ్ళెదుటే చూపిద్దామనుకున్నాను. గుప్పిట మూసి, "పిన్నీ, నా చేతిలో ఏముంది?" అన్నాను.

"నాకు కనపడదు మాస్టారూ."

"సరే, ఊహించి చెప్పు."

"చాక్‌పీసు ముక్క."

సరిగ్గా చాక్‌పీసే. గుప్పిట విప్పగానే చప్పట్లు. కనపడదంటూనే ఎట్టా చూసిందో చూడండి అని ఒకాయన మురిసిపోయాడు. నా పాఠం నాకే ఎదురుతిరిగింది. వెనక వరసలో, నీళ్ళ ట్యాంకు దగ్గర పని ముగించుకుని తడి చేతులతో కూర్చున్న శేషారత్నం మాత్రం నవ్వలేదు.

"అది చూళ్ళేదు మాస్టారూ" అంది. "మీ చేతిలో రోజూ ఉండేది చాక్‌పీసే గదా. ఎవురైనా అదే అంటారు."

శభాష్ అనుకున్నాను. మళ్ళీ గుప్పిట్లో ఆల్చిప్ప పెట్టుకుని అడిగాను. పిన్ని మళ్ళీ చాక్‌పీసే అంది, అంతే ధీమాగా. కానీ అప్పటికి సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్ళు ఇళ్ళకి తీసుకుపోయింది మొదటి జవాబునే.

4,222వ రోజు

పెద్దదినం అయింది. ఆచారం ప్రకారం నాంచారయ్య పేరు ఇవాళ్టితో తీసేయాలి. బుల్లెమ్మ ఇంకొన్నాళ్ళు అంది. ఈసారి ఆమె ఒక్కతే కాదు, ఊరు ఊరంతా అడిగింది. ఆ గొంతు లేకపోతే పొద్దున్నే గుండెల్లో గుబులుగా ఉంటోందట. నాకూ అంతే. ఇంకో నెల ఉంచమని పిన్నికి చెప్పాను.

షెల్టరులో పంచే పిండి కోసం వచ్చిన సింగయ్య కనిపించాడు. నడక బాగా సాగుతోందా అని అడిగాను. "ఏదో అట్టా అవుద్దండి" అన్నాడు మోకాలు రుద్దుకుంటూ. గట్టిగా అడిగితే నొచ్చుకుంటాడని ఊరుకున్నాను. రోజూ పొద్దున్నే మైకులో వింటూనే ఉన్నాను కదా.

4,229వ రోజు

నాలుగు రోజులుగా ముసురు. పలకలకి ఎండ సరిగా అందడం లేదు, పిన్ని గదిలో ఫ్యాను ఆపేశాను. రేపు అమావాస్య పోటు, పొద్దున పదిగంటలకు. మామూలు కంటే జానెడు ఎక్కువ వస్తుందని పిన్ని లెక్క కట్టింది. ఈ లెక్కల్లో అది ఎప్పుడూ తప్పలేదు.

సాయంత్రం శేషారత్నం వచ్చింది.

"మాస్టారూ, పొద్దున అయ్య గొంతు 'తొమ్మిదో రాయి కాడ రేగుచెట్టు కింద పొడి' అంది. ఆ చెట్టు మొన్నటి గాలివానకి పడిపోయింది గదా. కట్టెలు కొట్టుకొచ్చింది మా అమ్మే."

"అలవాటు మాట అయ్యుంటుందమ్మా. ఆయనలా అనేవాడు కదా, అందుకని చేర్చి ఉంటుంది."

"మాటలోకి చెట్టు వచ్చినప్పుడు, పొడి కూడా అట్టాగే రాకూడదా?"

ఇక్కడ నేనేం చేశానో ఉన్నదున్నట్టు రాస్తాను. పిన్నిని అడిగాను. గట్టు ఎలా ఉందమ్మా అని. "గత పద్దెనిమిది నడకల్లో ఎక్కడా ఉప్పు ఊట లేదు మాస్టారూ. గట్టు బాగుంది" అంది. విన్నావు కదా అన్నట్టు శేషారత్నం వైపు చూశాను.

"పిన్నికి ఎవురు చెప్పారంట?" అంది.

"సింగయ్య."

"సింగయ్య బావ మా ఇంటి మీదుగా పోవాల. ఈ మధ్య నాకు కనపళ్ళా."

"నువ్వు లేవకముందే పోతున్నాడేమో" అన్నాను. విసుగ్గానే అన్నాను. రెండు నెలల నుంచి పాఠానికి వస్తున్న పిల్ల నాకే పాఠం చెబుతోందని లోపల ఎక్కడో కష్టంగా ఉంది. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

4,231వ రోజు

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. మైకులో ఇక నడక చెప్పొద్దని పిన్నికి నిన్ననే చెప్పాను.

పొద్దున మైకులో నాంచారయ్య గొంతు ఎప్పటిలాగే వచ్చింది. పద్నాలుగో రాయి కాడ పొడి అంది.

తొమ్మిదింటికి పాఠం మొదలుపెట్టాను. యంత్రం మాటను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు. నిన్నటి పాఠం అదే. బోర్డు మీద ఆ మాటలు ఇంకా అలాగే ఉన్నాయి. తొమ్మిదిన్నరకి పిన్ని మధ్యలో కల్పించుకుని, ఫోనులో వచ్చిన మాటను వినిపించింది.

"పిన్నీ, శేషారత్నం చెప్తన్నా. నేను గట్టు మీద నడిచా. పద్నాలుగో రాయి కాడ ఊట. ఉప్పగా ఉంది. బురదగా వత్తంది. మాస్టారికి చెప్పు, మనుషుల్ని పంపమను."

ఆయాసపడుతోంది. వెనక వాన చప్పుడు.

"నువ్వేమంటావు పిన్నీ?" అన్నాను.

"గత పంతొమ్మిది నడకల్లో పద్నాలుగో రాయి పొడిగా ఉంది. శేషారత్నం గారికి ఇది మొదటి నడక. వాన నీటిని చూసి పొరపాటు పడి ఉండొచ్చు. అయినా నేను అక్కడ లేను మాస్టారూ, ఎవరైనా వెళ్ళి చూడటం మంచిది."

నాలుగు మాటలు చెప్పింది. నేను మూడు విన్నాను. పంతొమ్మిది మంది ఒక మాట మీద ఉండి, ఒక్క పిల్ల ఇంకో మాట చెబుతున్నట్టు తోచింది నాకు. పాఠం ఇంకో ఇరవై నిమిషాలే కదా, అయ్యాక నేనే వెళ్తానని పాఠానికి వచ్చినవాళ్ళతో అన్నాను. వాళ్ళూ తలూపారు. ఏ ఒక్కరైనా లేచి ఉంటే నేనూ లేచేవాణ్ణి. ఇది సాకు అని తెలిసే రాస్తున్నాను.

పది కాకముందే చప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడేమీ కాదు. తడి మట్టి జారిన చప్పుడు, ఆ తర్వాత నీళ్ళ చప్పుడు.

మేము వెళ్ళేసరికి గట్టు పది బారల మేర లేదు. ఎనిమిది ఇళ్ళూ కప్పుల దాకా మునిగి ఉన్నాయి. మనుషులు మాత్రం పైన, పదిహేనో రాయి దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. ముప్పై ఒక్క మంది. ఫోను చేశాక మా కోసం చూస్తూ కూర్చోలేదట శేషారత్నం. తలుపులు బాది, తిట్టి, జుట్టు పట్టి లాగి అందర్నీ పైకి పంపిందట. తల్లిని వీపున మోసుకొచ్చి దించిందట. మళ్ళీ వెళ్ళి ఊట నోటికి ఇసక మూటలు అడ్డం పెడుతూ, "మాస్టారు మనుషుల్ని పంపుతాడు, అందాకా ఆపుదాం" అని కేకేసిందట. ఆమె మీదే గట్టు జారింది.

సాయంత్రం పాటుకి నీళ్ళు వెనక్కి తగ్గాక ఆమె దొరికింది. కాళ్ళకి చెప్పులు లేవు.

4,232వ రోజు

గట్టు తెగిన చోట లోపలి వైపు ఇసక మూటలతో అడ్డకట్ట వేశారు. ఈ పోట్లకి ఆగుతుంది. వచ్చే అమావాస్యకి ఆగుతుందో లేదో తెలియదు.

సింగయ్య తనే వచ్చాడు. మెట్ల కిందే నిలబడిపోయాడు, పైకి రాలేదు.

"నాలుగు రోజులు నడిచా మాస్టారండీ. అయిదోనాడు కాలు కింద పెట్టలేకపోయా. మీకు చెప్పి పంపుదామనుకునేలోపే మైకులో మావ గొంతు వచ్చింది. ఇరవై రాళ్ళూ చెప్పేసింది. ఓహో, మాస్టారు వేరే ఏర్పాటేదో చేశారు గావాల అనుకున్నా. తెల్లారీ అంతే. ఇంక అడగటానికి సిగ్గేసింది."

తిట్టలేకపోయాను. మైకు విని అతను నేను చూసుకుంటున్నాననుకున్నాడు. అదే మైకు విని నేను అతను నడుస్తున్నాడనుకున్నాను. ఇద్దరి మధ్యా పదిహేను రోజుల పాటు గట్టు మీద నడిచింది చచ్చిపోయిన మనిషి ఒక్కడే. ఆయన రోజూ పొడి అని చెప్పాడు. నేను రోజూ దాన్ని పుస్తకంలోకి ఎక్కించాను. పిన్ని రోజూ ఆ పుస్తకమే చదివి గట్టు బాగుందని నాకు చెప్పింది. తన మాటే తిరిగి తనకి సాక్ష్యం అయిందని దానికి తెలియదు. తెలియాల్సింది నాకు.

అయినా కోపం ఆగక పిన్నిని అడిగాను. "ఆ పదిహేను రోజులూ ఎవరూ నడవలేదని నాకెందుకు చెప్పలేదు?"

"నడకలన్నీ పుస్తకంలో నాంచారయ్య గారి పేరునే ఉన్నాయి మాస్టారూ. మీరు గట్టు గురించి అడిగినప్పుడు ఏది చూసిన నడకో, ఏది పూరించిన నడకో నేను విడదీసి చూడలేదు. అది నా లోపమే. పూరిస్తానని మాత్రం 4,212వ రోజున చెప్పాను." అప్పటి మాటలు వినిపించింది. "సమాచారం అందని రోజున నాంచారయ్య గారి పాత నడకలను బట్టి పూరిస్తాను. అది ఎవరూ చూసిన నడక కాదు, దాన్ని నమ్మి గట్టు గురించి నిర్ణయాలు తీసుకోకూడదు. అలాగే చేయమంటారా?" ఆ వెనక బుల్లెమ్మ ఏడుపు. తర్వాత నా గొంతు. సరే కానివ్వమ్మా.

ఆ మాటలే నేను ఆ రోజు పుస్తకంలో "ఇంకేదో" అని రాశాను. వెనక్కి తిప్పి చూసుకున్నాను. నా రాతే.

4,233వ రోజు

తెల్లవారుతుండగా బుల్లెమ్మ వచ్చి పిన్ని గది గుమ్మంలో కూర్చుంది. ఉండటానికి ఇల్లు లేదు, రాత్రి షెల్టరు కింద పడుకుంది. ఆమె మొహం చూసే ధైర్యం లేక గోనెపట్టా తీసుకుని పలకలు తుడవబోయాను. నడక వేళకి పిన్ని ఎప్పటిలాగే మెత్తగా పిలిచింది.

"మాస్టారూ, 4,230వ రోజున గట్టు మీద నడిచింది శేషారత్నం గారు. గట్టు మనిషి పోతే పదకొండు రోజులు వారి పేరున, వారి గొంతుతో నడక చెప్పడం మన ఆచారంగా నా దగ్గర ఉంది. ఆమెవి ఫోనులో మాట్లాడిన మాటలు కొన్ని ఉన్నాయి, సరిపోతాయి. ఇవాళ్టి నుంచి ఆమె గొంతుతో మొదలుపెట్టమంటారా?"

పట్టా కింద పెట్టాను. దానికి ఈ మర్యాద నేర్పింది నేనే.

బుల్లెమ్మే లేచి పెట్టె దగ్గరికి వచ్చింది.

"ఇయ్యాల నువ్వు గట్టు మీద నడిచావా పిన్నీ?"

"లేదమ్మా. నేను నడవలేను."

"ఎవురైనా నడిచి నీకు చెప్పారా?"

"లేదమ్మా."

"అయితే చెప్పమాకు" అంది బుల్లెమ్మ. తర్వాత నా వైపు తిరిగి, నా కాళ్ళ వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "చెప్పులు ఇడిచి పెట్టు మాస్టారూ" అంది.

విడిచాను. నాకు అరవై ఒకటి. మట్టి మీద వట్టికాళ్ళతో నడిచి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. బుల్లెమ్మ నా వెనకే వచ్చింది. తడి తగిలిన ప్రతిచోటా ఆగి నాలుక మీద పెట్టుకోమంది. మైకు దగ్గరికి వచ్చేసరికి ఊరంతా లేచి నిలబడి ఉంది.

చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

కరుణాకరం చెప్తున్నాను. నా కాళ్ళతో నడిచి చెప్తున్నాను. ఒకటో రాయి దగ్గర పొడి. రెండు, మూడు పొడి. నాలుగో రాయి దగ్గర తడి ఉంది, చప్పగా ఉంది, వాన నీరు. తొమ్మిదో రాయి దగ్గర చెట్టు లేదు, మొద్దు ఉంది, చుట్టూ తడి, చప్పగానే ఉంది. పన్నెండు దాకా మరేం లేదు. పదమూడో రాయి దగ్గర తడి ఉప్పగా ఉంది, బురద లేదు, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూస్తాను.

పద్నాలుగో రాయి లేదు.